పొలి తిరిగిన గీతలు

మొదటి నమోదు: దాళ్వా వరి ఈనిన రోజులు

ఎర్ర దీపం వెలిగింది. అంటే ఈ పెట్టె వింటోందన్నమాట. చదువు రానివాళ్ళు తమ వాదన నోటితో చెప్పుకోవచ్చని తగువుల సభవారు ఇంటికొకటి పంపించారు. నేను ఎలా వాగినా ఇది పుస్తకాల్లో మాదిరిగా సర్ది రాస్తుందట. సర్దుకోనీ. తిట్లు మాత్రం తీసెయ్యడానికి వీల్లేదు.

"తొందరేం లేదత్తా, నీకు తోచినప్పుడల్లా చెప్పు," అంది నా మేనకోడలు కనకవల్లి, పెట్టెను గూట్లో పెడుతూ. "అంతా చెప్పేశాక 'ముగిసింది' అని ఆ ఒక్క మాటే విడిగా అను. ఆ మాట అన్నాక ఇంకేం కలపడానికి ఉండదు. దీపం ఆరిపోద్ది. అదే నీ సంతకం."

"ఒక్క మాటేనా సంతకం?"

"ఒక్క మాటే. అందుకే ఊరికే నోరు జారబాక."

కనకవల్లి కాలనీ తరఫున సభలో కూర్చునే మనిషి. నా తమ్ముడి కూతురు. చదువుకుంది, నిదానం కూడా ఉంది. నాకు ఆ రెండూ లేవు.

సభవారూ, నా పేరు గుడిసేవ పేరంటాలు. ఉండేది ఉమ్మడి వరి నాలుగో మండలం, కరకట్ట కాలనీ. కట్టకు తూర్పున సముద్రం. పడమట కనుచూపు ఆనినంత దూరం ఒకే ఒక్క మడి. ఆ మడి కింద మా ఊరి మళ్ళన్నీ ఉన్నాయి. గట్లన్నీ దున్నేసి, నేలను అద్దంలా చదును చేసి, ఆ చివరి నుంచి ఈ చివరికి బెత్తెడు నీరు ఒకేలా నిలబెట్టారు. అది చూసి ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు.

నీళ్ళు ఇస్తానంది సర్కారు. యంత్రాలూ విత్తనమూ తెస్తామన్నారు మదుపు పెట్టేవాళ్ళు. భూమి మేము ఇచ్చాం. ముగ్గురమూ సమానమేనని పందిరి వేసి మరీ చెప్పారు. ముప్పై ఏళ్ళు నిండాక ఎవరి భూమి వాళ్ళకు, పండే నేలగా, తిరిగి అప్పజెప్పాలి. ఈ ఎండాకాలం దాళ్వా కోతతో ముప్పై ఏళ్ళూ నిండుతున్నాయి.

నేను అడిగేది ఒక్కటే. నా రెండెకరాలు నాకివ్వండి. ఒక్క వానాకాలం సార్వా నా చేత్తో నాట్లు ఊడ్చుకుని, నా చేత్తో కోసుకుని, ఆ అన్నం తిని పోతాను. ముప్పై ఏళ్ళుగా వరి పక్కన కాపురముండి, పొట్లాల్లో వచ్చే ఎవరి ఊరి బియ్యమో తింటున్నాను. మా వరి ఏ ఓడెక్కి ఎక్కడికి పోతుందో తెలియదు.

ఇవాళ్టికి ఇంతే. తూనీగలు దిగే వేళయింది.

రెండో నమోదు: పాలు పోసుకోని కంకులు

తూనీగలంటే సభవారికి తెలుసు గానీ, వాటిని తుడిచేది ఎవరో తెలియదనుకుంటాను. మందు చల్లే ఎగిరే యంత్రాలు, మడిని చూసేవి, అన్నీ పొద్దున్నే వచ్చి దండేల మీద వాలతాయి. సముద్రపు గాలికి రెక్కలకు ఉప్పు పడుతుంది. కాలనీ ఆడవాళ్ళం మంచినీళ్ళతో ఆ రెక్కలు తుడుస్తాం. రెక్కల కోసం డబ్బాల్లో మంచినీళ్ళు వస్తాయి. మాకు రావు. అందుకని తుడిచిన గుడ్డను బొక్కెనలోకి పిండుకుని ఇంటికి తెచ్చుకుంటాం. ఆ నీళ్ళతోనే గిన్నెలు కడుగుతాం. దొంగతనమంటే దొంగతనమే అనుకోండి.

ఇవాళ నా పక్కన తుడుస్తున్నది మంగతాయారు. నా తోటికోడలు, నాకంటే చిన్నది. అది గుడ్డను నాకేసి చాపింది.

"చూడక్కా, ఎంత ఉప్పో. గీకితే పచ్చడికి సరిపోద్ది."

"గాలి ఉప్పు ఇంతుండదే. ఇది మడి మీంచి లేచిన ఉప్పు."

మడి ఏటేటా తెల్లబడుతోంది. ముందు చివర్న చారల్లా కనిపించింది. తరవాత మచ్చలయ్యాయి. ఇప్పుడు మడి నడిమి దాకా వచ్చింది. కంకులు పాలు పోసుకోక నిలువునా తాలైపోతున్నాయి. చౌడు అని మేమంటాం. సర్కారువాళ్ళు దానికేదో పెద్ద పేరు పెట్టారు.

తప్పెవరిదని అడిగితే ఇద్దరూ అరుస్తారు. మొన్న కట్ట మీద అందరూ చూస్తుండగానే అరుచుకున్నారు. సర్కారు తరఫున నిరుపమ గారు, మదుపువాళ్ళ తరఫున ఉదయభాను. ఆమె ఎండకు కమిలిపోయే రకం. అతను చెమటైనా పట్టని రకం.

"బియ్యం పడవలు తిరగాలని మురుగు కాలువ లాకు తలుపులు బార్లా తెరిచి పెట్టింది మీరు. సముద్రం లోపలికి రాక ఏం చేస్తుంది?" అందామె.

"పైనుంచి నది నీరు సమయానికి వదిలితే సముద్రం వెనక్కి పోయేది కదండీ. ఆ నీటిని ఎగువన ఎవరికి ఇచ్చారో చెప్పండి," అన్నాడతను.

మంగతాయారు నా మోచేతి మీద గిల్లింది. "అక్కా, ఇద్దరూ నిజమే చెప్తన్నారే!"

ఎంత నవ్వామో. కనకవల్లి మాత్రం నవ్వలేదు. "వాళ్ళిద్దరూ కొట్టుకున్నంత సేపూ మనకి భయం లేదు. మాట్టాడుకోడం మొదలెడితేనే భయం," అంది.

మూడో నమోదు: కోత, పొలి

కోత బండి వచ్చింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. గింజ బరువు చూసుకుని కోస్తుందది. తాలుకు కోత దండగని దానికే తోచింది కాబోలు, మిగతా సగం వదిలేసి తిరిగి వెళ్ళిపోయింది. అయినా కోత కోతే. పొలి తిరగాలి.

పొలి అంటే తెలియనివాళ్ళు సభలో ఉంటే వినండి. కోతయ్యాక అన్నంలో పసుపూ కుంకుమా కలిపి, బుట్టలో పెట్టుకుని, ఎవరి చేను చుట్టూ వాళ్ళు తిరుగుతూ పిడికిళ్ళతో చల్లుతారు. "పొలో పొలి" అని కేకేస్తారు. ఏడాదంతా చేనును కాచినవాటికి అన్నం పెట్టడమది. గట్లు దున్నేసిన ఏడే మగవాళ్ళు మానేశారు. హద్దే లేదు, దేని చుట్టూ తిరుగుతామని వాళ్ళ వాదన. ఆడవాళ్ళం మానలేదు. కోత బండి వెళ్ళాక నాటు బండి వచ్చేలోగా ఒక పూట దొరుకుతుంది. ఆ పూట దిగిపోతాం.

హద్దు ఎలా తెలుస్తుందని కనకవల్లి చిన్నప్పుడు అడిగేది. కాలికి తెలుస్తుంది. లాకు గోపురం ఎడమ భుజానికి వచ్చేదాకా నడిచి, పాత దీపస్తంభానికేసి తిరిగితే నా మూల. ఏటేటా అదే నడక కాబట్టి అక్కడ నేల గట్టిపడి కాలి కింద చెక్కలా తగులుతుంది. పెద్ద విద్యేం కాదు. మీరు చీకట్లో మీ పెరటికి వెళ్ళి రారూ, అలాగే.

నాకూ మంగతాయారుకూ మాత్రం ఏటా తగువే. మా మొగుళ్ళు అన్నదమ్ములు. పంపకాల్లో పక్కపక్క చేలు వచ్చాయి. మధ్య గట్టు ఎక్కడుండేదో మాకు పడదు.

"నా చేలోకొచ్చి నడుత్తున్నావక్కా."

"నీ చేనా? గట్టు నీ మొగుడు ఏటా చెక్కి చెక్కి ఇటు జరిపాడు. అసలు గట్టు ఇదీ!"

"పోయినోణ్ణి అంటావేం? నీ మొగుడు మాత్రం తక్కువోడా?"

"తక్కువోడే. అందుకే నేను నడుత్తన్నా."

అలా నా గీతన నేను, దాని గీతన అది, రెండు మూరల ఎడంగా ముప్పై ఏళ్ళు నడిచాం. లేని గట్టు కోసం, లేని మొగుళ్ళ కోసం. కింద కాళ్ళకు తెల్లటి పొర పెళపెళ విరుగుతోంది. ఎర్రటి మెతుకులు దాని మీద పడితే రక్తపు చుక్కల్లా ఉన్నాయి. అందరం కేక వేశాం. బదులుగా ఒక్క పిట్ట లేవలేదు.

మా నెత్తిన ఒక తూనీగ చాలాసేపు తిరిగింది. ఎప్పుడూ లేనంత కిందికి దిగింది. మంగతాయారు పైట సర్దుకుని దానికేసి చెయ్యి ఊపింది. దానికో కారణముంది. ఏనాడో మంగతాయారు పొలి చల్లుతుంటే మదుపువాళ్ళు బొమ్మ తీసి, దేశదేశాల్లో గోడల మీద వేసుకున్నారు. నెత్తిన బుట్ట, వెనక పచ్చటి వరి. అందులో మంగ ఎంత బాగుందో. మళ్ళీ బొమ్మ తీస్తున్నారనుకుంది పిచ్చిది.

నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగో నమోదు: నాటు బండి రాని వారం

నాటు బండి రాలేదు. దండేల మీద తూనీగలు సగమే వాలుతున్నాయి. మంచినీళ్ళ డబ్బాలూ సగమే. గిన్నెలు ఇసకతో తోముతున్నాం.

కనకవల్లి మొహం మాడ్చుకుని వచ్చింది. "నిరుపమ గారూ ఉదయభానూ ఒకే బండిలో వచ్చారత్తా."

"వత్తే? బండ్లు తక్కువైనాయేమో."

"నవ్వుకుంటా దిగారు."

కనకవల్లి గడప మీద కూర్చుని వేళ్ళతో నేల మీద గీసి చెప్పింది. నేను అర్థం చేసుకున్నది ఇదీ. పండే నేలగా అప్పజెప్పలేకపోతే, తప్పు మదుపువాళ్ళదైతే నేలను వాళ్ళు బాగుచేసి ఇవ్వాలి. తప్పు సర్కారుదైతే మంచినీళ్ళు పెట్టి సర్కారు కడిగి ఇవ్వాలి. తప్పు మూడో భాగస్వామిదైతే ఆ ఇద్దరికీ ఏ బాధ్యతా లేదు.

"మూడోవాళ్ళం మనమే కదే?"

"మనమే."

"మనం చేసిందేముంది? రెక్కలు తుడిచాం."

"అదే ఆలోచిత్తన్నా. ఏదో దొరికింది వాళ్ళకి. అత్తా, రేపు సభలో నిన్నడిగితేనే మాట్టాడు. అడిగినా నా మొహం చూసి మాట్టాడు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. వేసినప్పుడు నిజంగానే వేశాను.

ఐదో నమోదు: సభ జరిగిన రోజు

చెప్పకూడదనుకున్నాను. అయినా చెబుతాను. సభలో రాసుకున్నది వాళ్ళ వైపు రాత. ఇది నా వైపు రాత.

కట్ట మీద చల్లటి డేరా వేశారు. లోపలికి వెళితే ఎముకలు కొరికే చలి. ఆడవాళ్ళందరం ఒకళ్ళ కొంగులో ఒకళ్ళం దూరి కూర్చున్నాం. సభ పెద్ద ఎక్కడో నగరం నుంచి తెర మీద కనిపిస్తున్నాడు. నిరుపమ గారు మమ్మల్ని చూడకుండా కాగితాలు సర్దుతోంది.

ఉదయభాను లేచి నమస్కారం పెట్టాడు. "ముందుగా మడిని పైనుంచి ఒకసారి చూద్దాం. పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకీ సరదాగా ఉంటుంది," అన్నాడు.

డేరా గోడంతా బొమ్మ వెలిగింది.

సభవారూ, నేను పుట్టి బుద్ధెరిగాక నా చేనును పైనుంచి చూడలేదు. పిట్టలు చూసేది నేను చూశాను. బూడిద రంగు నేల. దాని మీద తెల్లటి మచ్చలు, వాటికంటే తెల్లగా గీతలు. ఒకటీ రెండూ కాదు, వందలు. ఎవరో మహాతల్లి వాకిలంత మడి మీద కూర్చుని ఓపిగ్గా ముగ్గు పెట్టినట్టు. గట్లు. మా గట్లు. ముప్పై ఏళ్ళ కింద దున్నేసిన ప్రతి గట్టూ ఉప్పుతో తిరిగి లేచింది. మేము నడిచిన చోటల్లా లేచింది. లాకు గోపురం నుంచి నా చూపు దానంతటదే నడిచింది. ఎడమకు, దీపస్తంభం వైపుకు, అక్కడ మూల కాస్త వంకర. పూర్వం అక్కడ తాటి మొద్దు ఉండేది. దాన్ని చుట్టుకుని తిరిగేవాళ్ళం. మొద్దు పోయినా నేను చుట్టుకునే తిరిగాను. ఆ వంకర అలాగే ఉంది!

"అదిగో నాది!" అని అరిచాను.

లేచి నిలబడి వేలు పెట్టి చూపించాను. కనకవల్లి నా చెయ్యి పట్టి లాగింది. విదిలించుకున్నాను. "వల్లీ, చూడే! తాటి మొద్దు మూల! అదిగో, నా చేను!"

అంతే. నా వెనక అందరూ లేచారు. "అదిగో మాది, కాలవ పక్కది!" "ఆ మూలది మాది!" "నీది కాదొదినా, దాని పక్కది నీది!" ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, ఏడుస్తూ, నవ్వుతూ, గోడను చేతులతో తడుముతూ. మంగతాయారు నా పక్కకొచ్చింది. మిగతా అందరి మధ్యా ఒక్కొక్క గీతే. మా ఇద్దరి చేల మధ్యా రెండు గీతలున్నాయి. పక్కపక్కనే, సన్నటి సందుతో.

"చూశావా అక్కా, నీ మొండితనం ఆకాశానికి కూడా తెలిసిపోయింది," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఉదయభాను ఎవరినీ ఆపలేదు. ఒక్కొక్కరినే మర్యాదగా పిలిచాడు. "మీదేదమ్మా? వేలు పెట్టి చూపండి. ఏటా తిరిగేవారా? సంతోషం." అందరి వేళ్ళూ గోడ మీద పడ్డాయి. ప్రతి వేలు చుట్టూ ఒక పచ్చటి గుండ్రం వెలిగింది. మాకు పండగలా ఉంది. కనకవల్లి ఒక్కతే కూర్చుని ఉంది, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని.

అందరం చూపించాక అతను గొంతు సవరించుకున్నాడు.

"ఒప్పందం ప్రకారం ఉమ్మడి మడిలో భాగస్వాములెవరూ హద్దు గీయరాదు. వీరంతా ఏటా గీశామని ఒప్పుకున్నారు. తొక్కి తొక్కి గట్టిపడిన చోట నీరు ఇంకలేదు. నిలిచి, ఆరి, ఉప్పు మిగిల్చింది. ఉప్పు మొదలైనది ఈ గీతల మీదే. మిగతా మడికి పాకింది వీటి నుంచే."

గోడ మీది చేతులు అందరం వెనక్కి తీసుకున్నాం.

"సముద్రం ఎటుంది బాబూ?" అన్నాను.

"అమ్మా?"

"సముద్రం ఎటుందంటన్నా. నీ వెనకే ఉంది, తిరిగి చూడు. లాకులు తెరిచింది నువ్వు. నది నీళ్ళు ఆపింది ఆ తల్లి. మొన్న కట్ట మీద మీ నోళ్ళతోనే మీరు అరుచుకున్నారు. ఊరంతా విన్నాం. ఇవాళ ఉప్పు మా అరికాళ్ళలోంచి కారిందా?"

నిరుపమ గారు తల ఎత్తలేదు. ఆమెనే అడిగాను. "ఏమ్మా, మాట్టాడవేం? మొన్న నీకు గొంతు బాగానే ఉందే!"

"సర్కారు తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంది, పేరంటాలు గారూ," అందామె కాగితానికి చెప్పినట్టు.

"మా మంగ పొలి చల్లుతున్న బొమ్మ మీ గోడల మీద వేసుకున్నారు. అప్పుడది తప్పు కాలేదా?" అని ఉదయభానును నిలదీశాను.

"అది మా ప్రచార విభాగమండీ. ఇది భూమి విభాగం. నాకు దాంతో సంబంధం లేదు." వెటకారం కాదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అందుకే నాకు కొట్టాలనిపించింది. ఓ పెట్టే, ఈ మాట తీసెయ్యకు. కొట్టాలనిపించింది.

తెర మీది సభ పెద్ద చెయ్యి ఎత్తాడు. "ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. హద్దు గీశారా లేదా అన్నదే ప్రశ్న. అమ్మా, ఆ గీత మీరు నడిచిందేనా?"

కనకవల్లి మొహం చూశాను. అది తల అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు. నాకేం తోచాలి? నేను నడిచిందే. ముప్పై ఏళ్ళు నడిచిన దాన్ని, కళ్ళ ముందు వెలుగుతున్న దాన్ని, నాది కాదనమంటారా?

"నేను నడిచిందే," అన్నాను. "నాదే."

ఆరో నమోదు: తీర్పు

నిన్న ఇంటికొచ్చాక కనకవల్లి కాళ్ళు పట్టుకోబోయాను. అది తప్పించుకుని నా పక్కన చేరగిలబడింది.

"నువ్వు అరవకపోయినా ఇంతేనత్తా. ఆ గీతలు మావి కాదంటే, హద్దు ఎవరికీ తెలీదు కాబట్టి భూమి ఉమ్మడిలోనే ఉండాలనేవాళ్ళు. మావే అంటే తప్పు మనదన్నారు. రెండు దార్లూ వాళ్ళే వేశారు."

"నువ్వు చదువుకున్నదానివి, మూడో దారేదీ?"

"లేదు. వెతికాను. లేదత్తా."

తీర్పు ఇవాళ పెట్టెలోంచే వినిపించింది. వింటుంది అనుకున్నది మాట్లాడేసరికి ఉలిక్కిపడ్డాను. అది చదివింది ఇదీ. భూములు ఎవరివి వారికి ఇచ్చేశారు. హద్దులు మేమే చూపించాం కాబట్టి కొలతలు కూడా అవసరం లేదట. ఎవరి హద్దులో ఉన్న ఉప్పు వారిదే. దాన్ని కడుక్కునే బాధ్యతా వారిదే. నీళ్ళ హామీ ఉమ్మడికి ఇచ్చింది. ఉమ్మడి రద్దయింది కాబట్టి ఆ హామీ విడి రైతులకు వర్తించదు.

మంగతాయారు అర్థం కాక నన్ను చూసింది. "అంటే ఇచ్చేసినట్టా, లాగేసుకున్నట్టా?"

"ఇచ్చేశారే."

"మరి ఏడుత్తావేం?"

నేను ఏడవడం లేదన్నాను. అది నా మొహం కొంగుతో తుడిచింది. తుడిచాక చెంపలు చుర్రుమన్నాయి. ఆ కొంగులో కూడా ఉప్పే.

ఏడో నమోదు: బండ్లు కదిలిన రోజు

తూనీగలన్నీ ఒకేసారి లేచాయి. ఎగువన, సముద్రానికి దూరంగా, పదకొండో మండలమని కొత్త ఉమ్మడి పెడుతున్నారట. అక్కడ పందిరి వేశారట. సర్కారు నీళ్ళిస్తుందట, మదుపువాళ్ళు యంత్రాలు తెస్తారట, ఊళ్ళవాళ్ళు భూమి ఇస్తారట. వాళ్ళెవరో నాకు తెలియదు. తెలిస్తే ఈ పెట్టెను వాళ్ళ ఊరి మధ్యలో పెట్టి అరుద్దును.

దండేలు పీకేశారు. లాకుల దగ్గర మనిషి లేడు. తలుపులు తెరిచే ఉన్నాయి. సముద్రపు పోటుకు నీళ్ళు లోపలికి వచ్చి, పాటుకు వెళుతున్నాయి. మంచినీళ్ళ డబ్బాలు మానేశారు. తుడవడానికి రెక్కలే లేనప్పుడు డబ్బాలెందుకు?

కాలనీ ఖాళీ అవుతోంది. కనకవల్లి పదకొండో మండలానికే పోతోంది, రెక్కలు తుడిచే పనికి. వెళుతూ నన్నూ రమ్మంది.

"అక్కడికొచ్చి ఏం చెయ్యమంటావే? వాళ్ళ గట్లు దున్నుతుంటే చూడమంటావా?"

"ఇక్కడుండి ఏం చేత్తావత్తా? నీళ్ళు లేవు."

"వాన పడితే పట్టుకుంటా."

"వాన పడకపోతే?"

అది నా కాళ్ళకు దండం పెట్టింది. చదువుకున్న పిల్ల, ఎప్పుడూ పెట్టేది కాదు.

మంగతాయారును కూతురు వచ్చి తీసుకెళుతోంది. బండెక్కబోతూ వెనక్కి వచ్చింది. "అక్కా, ఆ మధ్య సందు నువ్వే తీసుకో. గట్టు నీ గీత దగ్గరే ఉండేది. నాకు ముందు నుంచీ తెలుసు."

"నోర్ముయ్యవే. నీ గీత దగ్గరే ఉండేది."

"నీకూ తెలుసా?"

"తెలీకపోతే అంత గట్టిగా అరిచేదాన్నా?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. కూతురు బండిలోంచి కంగారుగా చూసింది. నవ్వుతూనే అది నా మెడ పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

మధ్యాహ్నం నిరుపమ గారు వచ్చింది, పెట్టెలు పోగు చేసుకోవడానికి. అందరివీ దీపాలు ఆరి ఉన్నాయి. నాది వెలుగుతోంది.

"ఆ ఒక్క మాట అనేయండి, పేరంటాలు గారూ. మీది కూడా అయితే మండలం మూసేస్తాం."

"అనకపోతే?"

"మూసేసినట్టు కాదు. అలా ఉండిపోతుంది." ఆమె చెప్పుల అంచుకు తెల్లగా పట్టిన పొరను కట్టకు రాసుకుంటోంది. "కానీ మీరు మాట్లాడేది వినడానికి అటువైపు ఎవరూ ఉండరు. నేను కూడా రేపటి నుంచి పదకొండులోనే."

"నువ్వున్నప్పుడు మాత్రం విన్నావా తల్లీ?"

ఆమె పెట్టెను నా దగ్గరే వదిలేసి వెళ్ళింది.

ఎనిమిదో నమోదు: పొలి

కోత లేకుండా పొలి తిరగకూడదు. మా అత్తగారు వింటే ఊరుకోదు. అయినా తిరుగుతున్నాను. ఆఖరి పొట్లం బియ్యం వండాను, ఉన్న నీళ్ళతో. ఉడికీ ఉడకకుండా పలుకుపలుకుగా దిగింది. అన్నం మొత్తం కలిపేశాను. పసుపు లేదు. కుంకుమ ఒక్క చిటికెడు. పెట్టెను కొంగున కట్టుకున్నాను.

ఎండకు మడి కళ్ళు పొడుస్తోంది. మొత్తం తెలుపే. గీతలు ఇక కంటికి కనపడవు, అంతా ఒకే రంగులో కలిసిపోయింది. కాలికి మాత్రం తెలుస్తున్నాయి.

పొలో పొలి.

లాకు గోపురం ఎడమ భుజానికి వచ్చింది. ఇక్కడి నుంచి నాది. రాసుకో. మొన్న మీరు ఇచ్చారు కాబట్టి కాదు, అంతకు ముందు నుంచీ నాది. ఇక్కడ నేను పంతొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మోకాలి లోతు బురదలో ఊడ్చాను. ఇక్కడ మా ఆయనకు పాము కరిచింది, చావలేదు. ఇక్కడ తాటి మొద్దు, చుట్టుకుని తిరుగుతున్నాను. రాసుకో.

దీపం సన్నగిల్లుతోంది. దానికీ దాహమేస్తోంది కాబోలు.

ఇది మధ్య గట్టు. ఇటు నా గీత, అటు మంగ గీత. మధ్యలో ఒక మనిషి నడిచేంత చోటుంది. ముప్పై ఏళ్ళలో మేమిద్దరం కాలు పెట్టని నేల ఇదొక్కటే. ఇక్కడ కూడా తెల్లగానే ఉంది, సభవారూ. వింటున్నారా? ఇక్కడ ఎవరూ తొక్కలేదు, ఎవరూ గీయలేదు. ఇక్కడ కూడా ఉప్పే. వంగి వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాను. సముద్రం రుచి.

ఇది ఎవరైనా చూసి ఉండాల్సింది. ఇప్పుడు నేను చూశాను.

పొలో పొలి. ఈ పిడికెడు మంగ తరఫున. ఈ పిడికెడు వల్లి తరఫున. అన్నం అయిపోవచ్చింది. ఇంకా ఉత్తరం హద్దు ఉంది, తరవాత ఊరందరివీ ఉన్నాయి.

ఆ సంతకం మాట నేను అనను. దీపం ఆరితే ఆరనీ, అది నీ ఇష్టం. నేను మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నాను. ఇది ఈశాన్యం మూల. ఇక్కడి నుంచి పడమటికి తిరుగుతున్నాను. రాసుకో.